మేడి బెరడు మీద ఇసుక నాయకుడు

దేశం దాటి వచ్చి టార్నీట్‌లో ఉంటున్న మంగళ ఓ వృద్ధాశ్రమం వంటగదిలో కూరగాయలు తరుగుతుంది. టీ విరామంలో మెనూ కాగితాల వెనక అక్కడి ముసలివాళ్ల బొమ్మలు గీసేది. ఒకాయన ముక్కు వంకాయలా, ఒకావిడ బుగ్గలు బూరెల్లా ఉండేవి. అవి చూసి పడీపడీ నవ్విన మనిషి కొన్సువేలో. అదే వంటగదిలో పనిచేసే మెక్సికో ఆవిడ. శనివారాలు ఫుట్‌స్క్రేలో ఓ షెడ్డులో, పలక మీద చెక్కి కాగితం మీద అద్దే అచ్చుబొమ్మలు చేస్తుంది. ఒక శనివారం మంగళనూ వెంటబెట్టుకుని వెళ్లింది.

షెడ్డు గోడల నిండా మెక్సికో నాయకులే. ఒక మంత్రి ఈకల కిరీటం పెట్టుకుని ఊరి చెరువులో స్ట్రా వేసి తాగుతున్నాడు. ఇంకొకడు అస్థిపంజరమై రిబ్బను కత్తిరిస్తున్నాడు. అన్నీ పీచు తేలిన గోధుమరంగు కాగితం మీదే.

"మేడి జాతి చెట్టు బెరడు ఉడకబెట్టి, రాతితో కొట్టి చేస్తారు. అమాతే అంటాం," అంది కొన్సువేలో. "ఏ ఊరు రాజుకి ఎంత కప్పం కట్టాలో పూర్వం దీనిమీదే రాసేవాళ్లు. ఇప్పటి రాజులకి కూడా ఇదే కాగితం."

రెండు నెలల్లో మంగళకు చిన్న ఉలి మీద పట్టు దొరికింది. ఎవరిని చెక్కాలో ఆలోచించనక్కర్లేకపోయింది. గోదావరి ఒడ్డున వాళ్ల ఊరి ఇసుకంతా లారీలకెత్తిస్తున్న నాయకుడు ఆమె కళ్లముందే ఉన్నాడు. అతని నోటిని పొక్లెయిన్ బకెట్‌గా చెక్కింది. మెళ్లో పూలదండ, నోట్లో నది. బెరడు కాగితం మీద అచ్చు తీసి షెడ్డు గోడకు తగిలించారు. కొన్సువేలో దాని ఫొటో మంగళ పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది.

గురువారం సాయంత్రం మంగళ ఫోన్ మోగింది.

"మంగళ గారాండీ? నా పేరు శ్రీపతండీ, ఇక్కడే క్రాన్‌బర్న్‌లో ఉంటాను. మన లీడరుగారి ఫ్యాన్స్ అసోసియేషన్ ఇక్కడ నేనే చూస్తున్నాను. మీ బొమ్మ చూశానండీ. మంచి టాలెంట్. డిలీట్ చేసేయండి." గొంతులో కోపమన్నదే లేదు. "మీ తమ్ముడి మెడికల్ షాపు బస్టాండు పక్కనేగా?"

ఆమె ఫోన్ పెట్టేసి తమ్ముడు భార్గవ్‌కు చేసింది.

"ఇద్దరొచ్చారక్కా. పొద్దున్నుంచీ కౌంటరు ముందు కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఏవీ కొనరు, ఏవీ అనరు. వాళ్లని చూసి మందులకొచ్చినోళ్లు వెనక్కెళ్లిపోతన్నారు. ఏం చేశావక్కా?"

తన సరదాకి అక్కడ తమ్ముడు బలైపోతాడేమో. వీధిలో కారు ఆగితే చాలు, కర్టెన్ సందులోంచి చూసేది. శనివారం షెడ్డుకు వెళ్లి, తల వంచుకుని విషయం చెప్పింది.

కొన్సువేలో ఫొటో తీసేసింది. గోడమీది బొమ్మ దించి మంగళ చేతికిచ్చింది. తర్వాత మెల్లగా చెప్పింది: "మా ఊళ్లో నా పోస్టరు అంటించినందుకు మా అన్న చెయ్యి విరగ్గొట్టారు. గీసింది నేను, దెబ్బలు వాడికి. అప్పట్నుంచి ధైర్యంగా ఉండమని నేనెవరికీ చెప్పను."

మూడు రోజులకు భార్గవే ఫోన్ చేశాడు.

"నువ్వు తీసేశావు సరే. ఇక్కడెవడో దాన్ని ప్రింటవుట్లు తీసి ఇసుక లారీలన్నిటికీ అంటించేశాడు."

"అది నువ్వే చేశావంటార్రా!" అంది మంగళ.

"అడిగారు. ఊళ్లో అందరి ఫోన్లలోనూ ఉంది, ఎవడని చెప్పనూ అన్నాను. ఇవాళ కుర్చీలు ఖాళీ. వాళ్లిద్దరూ లారీల మీద కాగితాలు గీకుతా తిరుగుతన్నారు. జనం చూసి ఒకటే నవ్వు."

ఆమెకూ నవ్వు తన్నుకొచ్చింది. మరుక్షణమే నవ్వు ఆపేసింది. "రేపు మళ్లీ వస్తారేమోరా."

"రావచ్చు," అన్నాడు భార్గవ్. "అక్కా, నీ బొమ్మలో చెవులు మాత్రం కుదర్లేదు. ఆయనవి ఇంకా చిన్నవి," అన్నాడు.

తర్వాతి శనివారం మంగళ షెడ్డులో, నాయకుణ్ణి చెక్కిన పలక ముందు కూర్చుంది. తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తలేదు. మోగీ మోగీ ఆగిపోయింది. ఉలి తీసుకుని, చెవుల చుట్టూ కొద్దికొద్దిగా చెక్కడం మొదలుపెట్టింది.