బయట బెంచీ మీద అన్న

ఆ రోజు పదో తరగతికి పాఠం చెబుతూ బోర్డు మీద లెక్క వేస్తుంటే సుద్దముక్క జారిపోయింది. తీసుకుందామంటే కుడిచెయ్యి లేవలేదు. మాట ముద్దగా వచ్చింది. పిల్లలు నవ్వారు. రోజూ నవ్వించేవాణ్ణి కదా, ఇదీ అందులోదే అనుకున్నారు. పావుగంటలో అంతా సర్దుకుంది. లెక్క పూర్తిచేశాను. జవాబు తప్పొచ్చింది గానీ దానికి జబ్బును నిందించలేను.

సంగతి విని మా అన్న మగ్గం దిగి, లక్సెట్టిపేటలో బస్సెక్కించి, నన్ను కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు కోస్తావైపు మనిషి. చేతికి పట్టీ చుట్టి, పాదరసం వైపు చాలాసేపు చూశారు.

"బి.పి. బాగా ఎక్కువ మాస్టారూ. మెదడుకి రక్తం కాసేపు ఆగి మళ్ళీ అందింది. ఈసారి ఆగితే స్ట్రోకే."

విదేశాల్లో మెడలోని రక్తనాళం తెరిచి శుభ్రం చేసే ఆపరేషన్ ఉందట. నాకు మాత్రం బి.పి. తగ్గడానికి రిసర్పిన్ మాత్రలు రాసి, ఉప్పు, చుట్ట మానమన్నారు. ఇది కుటుంబాల్లో ఉంటుంది, అన్నదమ్ములకూ చూపించమన్నారు.

అన్న బయట బెంచీ మీదే ఉన్నాడు. పిలిస్తే రాలేదు.

"సదువుకున్నోనివి, నీకు బీపీ ఉంటది. నాకేందిరా? చెయ్యి మంచిగనే ఆడుతున్నది."

నేను నవ్వాను. అప్పుడప్పుడు తల నొస్తుందనేవాడు. మగ్గం చప్పుడుకు పక్కింటివాళ్ళకే నొస్తుంది, నీకు నొయ్యదా అనేవాణ్ణి. ఆ మాట నాకు నచ్చి చాలాసార్లు వాడాను.

మాత్రలతో ముక్కు దిబ్బడ, ఊరికే దిగులు. ఉప్పులేని పప్పు తింటుంటే ఆయుష్షు మీద మోజు కొంత తగ్గేది. రెండుసార్లు మాత్రలు ఆపేశాను. రెండుసార్లూ అన్నే తిట్టి మింగించాడు. ఏడాదిపాటు నెలనెలా తోడొచ్చాడు. ఆ బెంచీకీ బి.పి. యంత్రానికీ మధ్య ఒక తలుపు, పది అడుగులు.

ఒక పొద్దున వదిన కబురు పంపింది. అన్న మగ్గం మీదే ఒరిగిపోయి ఉన్నాడు. చెయ్యి, కాలు, మాట మూడూ పోయాయి. నాకు పావుగంటలో తిరిగొచ్చాయి కదా అని కాసేపు చూశాను. తర్వాత జీపు మాట్లాడి తీసుకుపోయాను. ఆసుపత్రిలో ఆయన చేతికి మొదటిసారి పట్టీ చుట్టారు. అంకె నాదానికంటే ఎక్కువ.

"ఈయన ప్రతినెలా మీతో వచ్చేవారు కదూ?" అన్నారు డాక్టరు. అవునన్నాను.

మూడోరోజు అన్న పోయాడు. దినాలయ్యాక వదిన ఒక్కమాటే అడిగింది.

"నీతోని అన్నిసార్లు అచ్చిండు గద, ఒక్కపారన్న సూపియ్యకపోతివి?"

ఇప్పుడు నా బి.పి. అదుపులో ఉంది. సుద్దముక్క జారడం లేదు. తలనొప్పి మీద జోకులు మానేశాను. మీరు బి.పి. చూపించుకోవడానికి వెళితే, తోడొచ్చిన మనిషిని కూడా లోపలికి పిలవండి. రానంటే నవ్వకండి.