సంగటి పిల్లీ, టీచరమ్మ ముక్కూ

ఇంట్లో పిల్లి కూర్చోవడానికి ఒక తొట్టి, ఆ తొట్టిలో పోయడానికి ఒక సంచి మన్ను, ఆ మన్ను జల్లించడానికి ఒక గరిటె కావాలని ఎవరైనా అంటే ఆ రోజుల్లో మా పల్లెలో కడుపు పట్టుకొని నవ్వేవాళ్ళు. లక్కూరు పక్కన మా ఊళ్ళో పిల్లులకు కొదవ లేదు. రాగుల మూటల దగ్గర ఎలుకల్ని పట్టేవి, పాలు పితికే వేళకు గంగాళం పక్కన పెద్దమనుషుల్లా వచ్చి కూర్చునేవి. మిగిలిన పనులు అవి ఎక్కడ చేసుకునేవో మేము అడగలేదు, అవీ చెప్పలేదు. ఇప్పుడు మా వీధి చివర అంగట్లోనే ఆ మన్ను సంచులు వరసగా పేర్చి అమ్ముతున్నారు, ఒకటి మల్లె వాసన, ఒకటి నిమ్మ వాసన. వాటిని చూసినప్పుడల్లా కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో నేను పనికి చేరిన మొదటి ఏడు గుర్తొచ్చి నవ్వు వస్తుంది. అంగడాయన ఏమనుకుంటాడో ఏమో.

నేను చేరింది ఒక రిటైరైన టీచరమ్మ ఇంట్లో. వంట చేయడం, ఇల్లు ఊడవడం, ఆమెకు తోడుగా అక్కడే ఉండడం నా పని. గనుల ఆఫీసులో గుమాస్తాగా చేసిన ఆమె భర్త అప్పటికే లేడు. కూతురు (నేను అక్కా అని పిలిచేదాన్ని) తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు ఉద్యోగానికి పోయి, దీపాలు పెట్టాక వచ్చేది. టీచరమ్మ నన్ను పేరుతో పిలవలేదు, ‘లక్కూరు పిల్లా’ అనేది. ఆమెకు దేవుడు ఇచ్చిన ఆస్తి ముక్కు. వీధి మలుపులో ఉండగానే “పోపు మాడబెట్టినావు కదే” అని కేకేసేది. పాఠం చెప్పే రోజుల్లో బోర్డు మీద రాస్తూనే, వెనక బెంచీలో చింతకాయ తినేదెవరో వెనక్కి తిరగకుండా పట్టేసేదట. అలాంటి ముక్కున్న ఇంటికి ఒక వానరోజు అక్క అన్నం బ్యాగులో పిల్లికూనను పెట్టుకొని వచ్చింది.

“అమ్మా, అరవద్దు. ప్లాట్‌ఫారం మీద వణకతా ఉండె. నా కాళ్ళమ్మడే వచ్చేసినాది.”

“దానికి టికెట్టు తీసినావా?” అంది టీచరమ్మ.

అంతే, పెద్ద గొడవేమీ కాలేదు. నల్లగా, గుండ్రంగా, అప్పుడే కలిపి దింపిన రాగి సంగటి ముద్దలా ఉందని దానికి సంగటి అని నేనే పేరు పెట్టాను. బయట వదిలే వీలు లేదు, మా వీధి కుక్కలు లారీలనే తరిమేవి. అందుకని అక్క మరునాడు బెంగళూరు నుంచి ఒక ప్లాస్టిక్ తొట్టి, ఒక సంచి మన్ను తెచ్చింది. (మన్ను కొనుక్కొచ్చారని మా అమ్మకు ఫోనులో చెబితే, “మంచి ఇల్లేనా అది?” అని అడిగింది.)

ఆ సంచి ఉన్నన్నాళ్ళూ ఇల్లు బాగానే ఉంది. అది అయిపోయాక అక్క రోజూ “రేపు తెస్తానే” అనేది, రోజూ రైలు దిగాక “అయ్యో, మరిచిపోయినానే” అనేది. పాత మన్నే ఉంచాను. ఒకరోజు టీచరమ్మ కుర్చీలో కూర్చుని గాలిని రెండుసార్లు పీల్చి తీర్పు చెప్పింది.

“ముళబాగిలు నుంచి మా అక్క వస్తాంది. ఆమె మడీ గిడీ నీకు తెలీదు. ఆమె గడప తొక్కేలోగా ఈ ఇంట్లో పిల్లి కంపు ఉండకూడదు. ఉండిందా, దీన్ని తీసుకపోయి మార్కెట్లో చేపల అంగడికి ఇచ్చేస్తా. ఆడ దానికి ఇంతకన్నా బాగా జరుగుతాది.”

సంగటికి బాగా జరుగుతుందేమో, నాకు జరగదు. ఊరు వదిలి రావడం నాకు అదే మొదలు. మధ్యాహ్నం టీచరమ్మ పడుకుంటే ఆ ఇంట్లో గోడ గడియారం తప్ప మాట్లాడేవాళ్ళు లేరు. సంగటి వచ్చాక దాని ముందు కూర్చుని మా ఆవుల సంగతి, మామిడి తోపు సంగతి, మా తమ్ముడి అల్లరి అన్నీ చెప్పేదాన్ని. అది కళ్ళు సగం మూసి వినేది. నా మాట అంత ఓపికగా విన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. దాన్ని చేపల అంగడికి పంపడం నా వల్ల కాదనిపించింది. మన్ను నేనే తెస్తాను అనుకున్నాను.

మన్ను కోసం నేను వెతకనక్కర్లేకపోయింది. ఊరి అంచున కొండలు కొండలుగా ఉంది. గనుల్లో రాయిని పిండి చేసి, బంగారం తీసేసుకొని, మిగిలింది పారబోసిన దిబ్బలవి. ఎంత మెత్తన! మా ఊళ్ళో ఇంత సన్నని ఇసుక కావాలంటే వంకలో సగం రోజు జల్లించాలి. ఇక్కడ ఊరికే పడి ఉంది, ఎవరూ ముట్టుకోరు. అందరూ దాన్ని సైనైడ్ దిబ్బ అనేవాళ్ళు. కోలారు పక్కన అంతరగంగ కొండలాగా ఇది సైనైడ్ కొండ, ఏ దొర పేరో పెట్టి ఉంటారులే అనుకున్నాను. బియ్యం సంచి నిండా ఎత్తుకొని, నెత్తిన పెట్టుకొని, ఈ ఊరివాళ్ళకు తెలివి లేదనుకుంటూ ఇంటికొచ్చాను.

సంగటికి ఆ మన్ను మహా ఇష్టమైంది. దిగింది, తవ్వింది, తడిపింది, తొక్కింది, ఇల్లంతా తిరిగింది. తడిసిన ఆ పిండి సిమెంటులా పట్టుకుంటుందని నాకేం తెలుసు? నేను రోజూ అద్దంలా తుడిచే ఎర్ర గచ్చు మీద బూడిదరంగు అడుగులు వంటింటి నుంచి టీచరమ్మ కుర్చీ దాకా ముద్రలు వేసినట్టు పడ్డాయి. పెరట్లో కూర్చుని సంచి దులుపుతుంటే పక్కింటి తాత గోడ మీది నుంచి తొంగి చూశాడు. గనిలో దిగి పనిచేసిన మనిషి, తమిళం ఆయన, మాతో తెలుగులోనే మాట్లాడేవాడు.

“ఏమ్మా పాపా, యాడిది ఆ మన్ను?”

“దిబ్బదే తాతా. ఊరికే పడుండాది.”

“అయ్యయ్యో, సైనైడ్ మన్నుమ్మా అది! బంగారం కరిగించేదానికి విషం పోసి, ఆమీట పారబోసింది. పిల్లి కాళ్ళు నాకుతాది కదా!”

ఆ తర్వాత ఏం చేశానో వరసగా గుర్తు లేదు. సంచిని మూటగట్టి బయట పెట్టాను, సంగటిని గోరువెచ్చని నీళ్ళ బకెట్లో ముంచాను, అది గోళ్ళతో నా చేతుల మీద తనకొచ్చిన రాత అంతా రాసింది. తుడిచి ఎండలో ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటే, అది ఆవలించినప్పుడల్లా ప్రాణం పోతోందేమో అని దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. పొద్దు వాలేవేళకు లేచి, ఒళ్ళు విరుచుకొని, పెరుగన్నం కోసం నా కొంగు లాగింది. గోడ మీది నుంచి తాత నవ్వాడు.

“ఏం కాలేదు కదా. మేము చిన్నప్పుడు ఆ దిబ్బల మీద జారి ఆడుకున్నోళ్ళమే.”

“మరి నన్నెందుకు తాతా అంత బెదిరించినావు?”

“బెదిరించేది పెద్దోళ్ళ పనిమ్మా. ఏం కాలేదని ఇంగ మళ్ళా తెచ్చేవు! పోయి యాడిదాడ పోసిరా.”

పోసి వచ్చాను. పెరట్లో ఎర్రమన్ను తవ్వి తొట్టిలో పోశాను. అది తడిని పట్టుకోలేదు, కంపును అసలే పట్టుకోలేదు. అప్పుడు అక్క తెచ్చిన పాత సంచి తీసి చూశాను. నాకప్పటికి ఏ భాషలోనూ అక్షరం రాదు (టీచరమ్మే పలక పట్టించింది, అది చాలా ఏళ్ళ తర్వాత మాట). సంచి మీద బొమ్మలే నాకు ఆధారం. ఒక తెల్లపిల్లి కళ్ళు మూసుకొని పూలు వాసన చూస్తోంది. ఓహో, ఇదా కిటుకు అనుకున్నాను. పిల్లికి సువాసన కావాలి. తొట్టి పక్కన ఊదుబత్తులు పెట్టాను. సాంబ్రాణి పొగ వేశాను. తొట్టిని ఫినాయిల్‌తో కడిగాను. నిన్నటి పూలదండ విప్పి మన్ను మీద చల్లాను.

టీచరమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని వచ్చింది. “ఏమ్మే, ఇది ఇల్లా, జాతరా? మల్లెపూల బండి పక్కన ఎవడో నిలబడి పోసినట్టుండాది!”

ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది. అయినా ఫినాయిల్ ఇంకాస్త ఎక్కువ పోశాను. అప్పుడు ఒక వింత జరిగింది. మరునాటి నుంచి పిల్లి వాసన లేదు. తొట్టి చూస్తే పొడిగా ఉంది, నేను చల్లిన పూలు చల్లినట్టే ఉన్నాయి. మొదట పొంగిపోయాను. తర్వాత భయం పట్టుకుంది. తింటోంది, తాగుతోంది, మరి పోవడం లేదంటే? దాని పొట్ట తడిమి చూశాను. అరటిపండు గుజ్జు నోటికి అందిస్తే ఊసేసింది.

“వాసన లేదు కదే, సంతోషపడు” అంది అక్క, రైలు నిద్ర కళ్ళతో.

“అక్కా, అది పోయి రెండు దినాలాయె. కడుపు పగిలిపోతాది.”

“నువ్వు దాని కడుపు గురించి ఏడ్చేది, అమ్మ ముక్కు గురించి ఏడ్చేది, నేను మధ్యలో యాడికి పోయేది?” అని దుప్పటి ముసుగు పెట్టింది.

ఇంతలో పెద్దమ్మ ముళబాగిలు బస్సు దిగి రానే వచ్చింది. టీచరమ్మకు అక్క అంటే నాకు పెద్దమ్మే. ఎత్తుగా, బలంగా, ఆవులూ పొలమూ తానే చూసుకునే మనిషి. ఆమె వేసే ముగ్గులు ఆ చుట్టుపక్కల పేరు పడ్డవి. అందుకే ఆమె రావడానికి మూడు నాలుగు రోజుల ముందే టీచరమ్మ బండివాడి దగ్గర మేలైన ముగ్గుపిండి కొని, వెడల్పాటి పాత బేసినులో నిండుగా పోయించి, ఆమె పడుకునే గది పక్కన వసారాలో పెట్టించింది. (రోజూ నేను వేసే ముగ్గుకు కొబ్బరిచిప్పలో పిండి వేరే ఉండేది. పెద్దమ్మ పిండి నేను ముట్టకూడదని ఆజ్ఞ.)

“వాసన ఏమన్నా వస్తాందా అక్కా?” అని టీచరమ్మ గర్వంగా అడిగింది.

“వస్తాంది. ఆస్పత్రి వాసన. ఎవరికే ఆపరేషను?” అంది పెద్దమ్మ.

తెల్లారి ఆమె స్నానం చేసి, తడి జుట్టు ముడివేసి, బేసిను తీసుకొని వాకిట్లోకి వచ్చింది. నేను నీళ్ళు చల్లి పక్కన నిలబడ్డాను. టీచరమ్మ గడపలో కాఫీ తాగుతోంది. పెద్దమ్మ పిడికెడు పిండి తీయబోయి ఆగింది.

“ఏమే చెల్లీ, పిండి నిమ్ము పట్టినట్టుండాది. గడ్డలు గడ్డలుగా తగలతాంది.” ఒక గడ్డ తీసి వేళ్ళ మధ్య నలిపింది. ఏదో అర్థం కానట్టు చూసింది.

అప్పుడే సంగటి నా కాళ్ళ మధ్య నుంచి వాకిట్లోకి వచ్చింది. ఎవరినీ చూడలేదు. బేసినులోకి ఒక కాలు, ఇంకో కాలు పెట్టి ఎక్కింది. గుండ్రంగా తిరిగింది, చిన్న గుంట తీసింది, కూర్చుంది. కళ్ళు సగం మూసుకొని, తన పని తాను ప్రశాంతంగా చేసుకుంది. తర్వాత ఎంతో శ్రద్ధగా పిండి కప్పి, వాసన చూసి, ఇంకాస్త కప్పి, దిగి వెళ్ళిపోయింది. అది కూర్చున్నంతసేపూ ముగ్గురం ఊపిరి పీల్చలేదు.

నాకు ముందు కలిగింది సంతోషం, దానికి కడుపు బాగానే ఉందని. ఆ వెంటనే చేపల అంగడి కళ్ళముందు కనిపించింది.

“పెద్దమ్మా, దాన్ని పంపించొద్దని చెప్పండి. ఆ ఫినాయిలు నేనే పోసినాను. అది పాపం యాడికి పోతాది? చోటు వెతుక్కునింది. అమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటా” అని ఇద్దరి మధ్య ఎవరి కాళ్ళో తెలియక నేల మీద కూర్చుండిపోయాను.

పెద్దమ్మ తన వేళ్ళ వైపు చూసుకుంది, బేసిను వైపు చూసింది. మడి మంటగలిసింది. “లెయ్యే” అంది. “పొద్దున లేస్తే పేడలో మోచేతుల దాకా మునిగేదాన్ని, దీనికి చస్తానా? ఇంగోసారి నీళ్ళు పోసుకుంటా, అంతే.” తర్వాత చెల్లెలి వైపు తిరిగింది. “నేను రాత్రంతా పడుకునింది ఈ బేసిను పక్కనే. నాకేం కంపు రాలేదు. నీకు వచ్చినాదా?”

టీచరమ్మ గ్లాసు నోటి దగ్గరే పట్టుకొని ఆలోచించింది. వచ్చిందంటే అబద్ధం. ఉన్న కంపు తనకు తెలియలేదంటే ఆ ముక్కుకు తలవంపు. ఇరుకున పడ్డ మనిషిని నేను మొదటిసారి అంత దగ్గర నుంచి చూశాను.

“కంపు లేదు” అంది చివరికి, పరీక్ష పేపరు దిద్దినట్టుగా. “ఉండుంటే నాకు తెలిసుండేది.”

“అట్లయితే కంపు ఫినాయిలుదే, పిల్లిది కాదు. ఏ పిల్లా, ఈ పిండి తొట్టిలో పొయ్. పొద్దునా సాయంత్రమూ గడ్డలు తీసెయ్. తొట్టిని వట్టి వేడినీళ్ళతో కడిగి ఎండలో పెట్టు. పూలు నీ తల్లో పెట్టుకో.”

అంతే, తీర్పు అయిపోయింది. పెద్దమ్మ మళ్ళీ నీళ్ళు పోసుకుంది. నా కొబ్బరిచిప్ప పిండితోనే వాకిలంతా నిండేలా ముగ్గు వేసింది. నేను తొట్టి తీసుకొని పెరట్లోకి పోయి, జల్లిగరిటెతో పిండి జల్లిస్తూ గడ్డలు ఏరుతూ కూర్చున్నాను. ఎందుకో కళ్ళలో నీళ్ళు ఆగలేదు. పిల్లి పెంట ఎత్తుతూ సంతోషంతో ఏడ్చిన మనిషి ఆ జిల్లాలో ఇంకొకరు ఉండరు.

టీచరమ్మ పెరటి గుమ్మంలోకి వచ్చింది. “ఏమ్మే, కంపుకు కండ్లలో నీళ్ళొస్తాన్నాయా?”

కంపు అంటే మళ్ళీ మొదటికి వస్తుంది. “లేదమ్మా. ఎర్రగడ్డలు తరిగినాను, అందుకు” అన్నాను.

పెద్దమ్మ ఉన్నన్నాళ్ళూ ఆమె మడి కోసం ఆ ఇంట్లో ఎర్రగడ్డ (ఉల్లిపాయే) ముట్టేది లేదు. ఆ సంగతి నాకూ తెలుసు, టీచరమ్మకూ తెలుసు. ఆమె నన్ను చూసింది, నా ఒళ్ళోకి ఎక్కబోతున్న సంగటిని చూసింది. “సరే, ఎర్రగడ్డలే” అని లోపలికి పోయింది.

ఆ పెరట్లో తొట్టి ముందు కూర్చున్న ఆ లక్కూరు పిల్లను నేను ఇప్పటికీ అప్పుడప్పుడు మనసులో చూస్తుంటాను. చెంపల మీద ముగ్గుపిండి చారలు, ఒక చేతిలో గరిటె, ఇంకో చేత్తో ముక్కు తుడుచుకుంటూ. పక్కన కూర్చుని ధైర్యం చెప్పాలనిపిస్తుంది. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ముందు ఆ చేతులు కడుక్కోవే తల్లీ, తర్వాత కళ్ళు తుడుచుకుందువు.