కుక్క కోసం వేసిన దురాయి

2023 వేసవి. విడవలూరు మండలంలో, గాలి తిరిగితే ఎండుచేపల వాసన వార్డులోకే వచ్చే ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మగ నర్సు అనగానే జనం ముందు నన్ను వింతగా చూస్తారు. చేతిలో సిరంజి కనిపించాక ఆ వింత దానంతటదే పోతుంది.

మా దగ్గర కుక్కకాటు కేసులకు కొదవ లేదు. చేపలు దిగే చోట ఊరకుక్కలు, రొయ్యల గుంటల దగ్గర కాపలా కుక్కలు, వాటి మధ్య నడిచిపోయే మనుషులు. ప్రతివాడూ తనను కరిచింది పులంత ఉందనే చెబుతాడు. చాలాసార్లు అది వాళ్ల ఇంటి కుక్కే, తోక తొక్కించుకున్నది.

కోటమ్మక్క మాత్రం అసలు కుక్కే లేదంది.

ఆమెకు నలభై దాటి ఉంటాయి. సముద్రం ఒడ్డున జాలర్లుండే పాలెం ఆమెది. పడవలు రాగానే చేపలు గంపకెత్తుకుని, తెల్లవారుజామున కాలవగట్టు వెంట నడిచి, లోపలి రైతుల ఊళ్లలో అమ్ముతుంది. ఆ వాసనకు ఆటోవాళ్లు ఎక్కించుకోరు. ఆ రోజు ఓపీ తెరిచీ తెరవకముందే వచ్చి, కుడిచేయి కొంగులో చుట్టుకుని బల్ల మీద కూర్చుంది.

"ముళ్లకంచె గీసుకుందబ్బయా. ఒక టీటీ సూది ఏసి పంపీ. నా చేపలు చెడిపోతాయి."

టీటీ అంటే ధనుర్వాతం రాకుండా వేసే ఇంజెక్షన్. గాయం చూద్దామని కొంగు విప్పితే, మణికట్టు పైన కారప్పొడి మెత్తి ఉంది. కంచె గీరితే మా వైపు పసుపు పెడతారు, కాఫీపొడి పెడతారు. కారం మాత్రం ఒక్క కుక్కకాటుకే. విషం లాగేస్తుందని నమ్మకం. అది లాగేది రోగి కేకల్ని మాత్రమే.

"అక్కా, ఆ కంచెకు కోరలు ఎన్ని?"

"ఏంది నీ ఎకసెక్కాలు? కంచెకి కోరలుంటాయా?"

"ఉండవు. అందుకే కంచె గీరితే ఎవరూ కారం పెట్టరు."

సొంత చెయ్యే సాక్ష్యం చెప్పేసినట్టు ఆమె దాని వంక కోపంగా చూసుకుంది.

కొళాయి కింద సబ్బుతో పావుగంట కడిగించాను. కుక్కకాటుకు తొలి మందు అదే. కారం పోయాక రెండు లోతైన గాట్లు బయటపడ్డాయి. మేం దాన్ని కేటగిరీ త్రీ అంటాం, కోర చర్మం చీల్చుకుని లోపలికి దిగిన కాటు. దీనికి టీకా ఒక్కటే చాలదు. టీకా పని మొదలుపెట్టేలోపు కాపలా కాయడానికి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఎక్కించాలి. అది నెల్లూరులో పెద్దాసుపత్రిలో దొరుకుతుంది.

"నేను పోను," అంది.

"రేబిస్ వచ్చాక మందు లేదక్కా. ఈ ఒక్క మాట ఎకసెక్కం కాదు."

"తెలుసబ్బయా. నెల్లూరికి పోయినానంటే కుక్క కరిసిందని పాలెమంతా తెలుస్తది. నేను తిరిగొచ్చేలోపల కర్రోణ్ణి కొట్టి సంపేస్తారు."

కర్రోడు ఆ కుక్క. నల్లగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. యజమాని లేడు. చేపతలకాయలే జీతంగా రోజూ ఆమె వెంట నడుస్తుంది.

అప్పుడు మెల్లగా చెప్పుకొచ్చింది. ఆమె నడిచే దారిలో ఉన్న సరుగుడు తోట దగ్గర ఒకడు బైకు ఆపుకుని ఆమె కోసం కాచుకునేవాడు. కొన్నాళ్లు మాటలతో సరిపెట్టాడు. ఒకనాడు చెయ్యి పట్టుకుని లాగాడు.

"అరిస్తే ఇనేదానికి ఆడ ఎవురుండారు, రొయ్యలా? కర్రోడే పోయి వాడి లుంగీ పట్టినాడు. ఆపైన వీడు పక్కనుంటే వాడు దగ్గరికి రాలే."

"ఇంట్లో చెప్పలేదా?"

"చెబితే నన్ను ఇంట్లో కూకోమంటారు. వాణ్ణి కూకోమని ఎవురూ అనరు."

ఇంతకీ ఈ కాటు ఎలా పడిందని అడిగాను.

ఆ తెల్లవారుజామున రొయ్యల గుంటల కుక్కలు గుంపుగా వచ్చి కర్రోడి మీద పడ్డాయట. విడదీద్దామని ఈమె చెయ్యి పెట్టింది. ఎవరి చెయ్యో చూసుకునే తీరిక కర్రోడికి లేదు, కరిచేశాడు. కుక్కల కొట్లాటలో చెయ్యి పెట్టకూడదు. కుక్కలు మీదికొస్తే పరిగెత్తకూడదు, గంపో సంచో అడ్డం పెట్టుకుని మెల్లగా వెనక్కి జరగాలి. ఇవన్నీ మా గోడ మీది పోస్టర్‌లో ఉన్నాయి. సరుగుడు తోట దగ్గర నిలబడేవాడికి ఏం అడ్డం పెట్టాలో అందులో లేదు.

తొలి టీకా వేసి, కర్రోడి సంగతి నేను చూస్తానని ఒప్పించి, డాక్టరమ్మకు చెప్పి, ఆమెను బైకు మీద పాలేనికి తీసుకెళ్లాను. పాలేనికి పెద్దమనిషి అయిన పెద్దకాపు వల బాగుచేసుకుంటున్నాడు. మా తీరంలో పెద్దకాపు దురాయి వేశాడంటే, అంటే ఊరికి కట్టుబాటు పెట్టాడంటే, ఎవరూ దాటరు. పడవలు ఆగమంటే ఆగుతాయి. నాకు కావలసింది అదే.

"కుక్కకి దురాయా? మా తాతల నాడు కూడా ఇనలేదబ్బయా!"

"కుక్కకు కాదు పెద్దయ్యా, మనుషులకు. పది రోజులు దాన్ని ఎవరూ కొట్టకూడదు. కరిచేనాటికే రేబిస్ ఉన్న కుక్కయితే ఆలోపు జబ్బుపడి చస్తుంది. బాగుంటే అక్కకు భయం లేనట్టే. ఇప్పుడే చంపేస్తే ఆ సంగతి తెలిసే దారి ఉండదు. టీకాలు ఎటూ వేస్తాం."

"ఊరకుక్క కోసం ఇంత యాగీ ఎందుకు కోటమ్మా?"

ఆమె సరుగుడు తోట సంగతి మొత్తం ఆయనకు చెప్పింది. ఆయన వల పక్కన పెట్టాడు.

"ఎవుడు వాడు?"

"మొకం కనపడదు పెద్దయ్యా. హెల్మెట్ తియ్యడు."

రోడ్డు భద్రత మీద అంత శ్రద్ధ ఉన్న వెధవ గురించి నేను వినడం అదే మొదలు.

ఆ పూటే దురాయి పడింది. కర్రోడి మీద ఎవరూ రాయి వెయ్యకూడదు. దానికి ఇంకోటి ఆయనే కలిపాడు. గంపలెత్తే ఆడవాళ్లు ఒకరికోసం ఒకరు ఆగి కలిసి నడవాలి, తోట దాటేదాకా పాలెం మగవాళ్లు వంతులవారీగా వెంట పోవాలి. "కోటమ్మ ఇంట్లో కూకోదు. అదీ దురాయే," అన్నాడు. కోటమ్మక్క వదినను తోడు తీసుకుని నెల్లూరు ఆటో ఎక్కింది. ఆమె చేతిలో గంప లేదు కాబట్టి ఆటోవాడు మారు మాట్లాడలేదు.

అబద్ధం చెప్పే రోగి తెలివితక్కువవాడని అనుకునేవాణ్ణి. చాలామంది ఎవరినో కాపాడుకోడానికి చెబుతారని ఈ కేసు నేర్పింది. ఇప్పుడు కుక్కకాటుతో ఏ ఆడమనిషి వచ్చినా, గాయం సంగతి అయ్యాక, దోవలో తోడు ఎవరొస్తారని కూడా అడుగుతాను. కొందరు నవ్వేస్తారు. కొందరు తలుపు వేయమంటారు.

పది రోజులూ గడిచాయి. కర్రోడు నిక్షేపంగా ఉన్నాడు. చివరి డోసు నాడు కోటమ్మక్క వాణ్ణి వెంటబెట్టుకొచ్చింది.

"వీడికి కూడా ఒక సూది ఎయ్యబ్బయా."

"అది నా డిపార్ట్‌మెంట్ కాదక్కా," అన్నాను గానీ, డ్యూటీ దిగాక పశువుల ఆసుపత్రికి నేనూ వెళ్లాను. రొయ్యల గుంటల కుక్కల్నీ లుంగీవాణ్ణీ ఎదిరించిన ఆ వీరుడు సూది చూడగానే ఆమె చీర కుచ్చిళ్ల వెనక దూరాడు. ఆమె అక్కడే కింద కూర్చుని, వాడి తల ఒళ్లో పెట్టుకుంది.

"నేనుండా గదరా, ఎందుకు బయం?" అంది.