ఇరవై నిమిషాల వ్యాయామం, ఐదు రోజుల సెలైన్

న్యూజిలాండ్‌లోని లోవర్ హట్ ఊళ్ళో మా ఫ్లాట్ కట్టినవాడు ఆరడుగుల పైనే ఉండుంటాడు. వంటగది అల్మరాలన్నీ వాడి ఎత్తుకే పెట్టాడు. ఆ బుధవారం ఉదయం కాఫీపొడి డబ్బా కోసం ఎత్తిన చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. మోచేతులు చాపబోతే సాగవు, ముడవబోతే ముడుచుకోవు. టీతో సరిపెట్టుకున్నాను.

కారణం నాకు తెలుసు. శుక్రవారం రెసిడెన్సీ వీసా కోసం మెడికల్ టెస్టు. స్టూడెంట్‌గా వచ్చిన ఏడేళ్ళకి అంతవరకూ వచ్చాం. నా బరువు చూసి ఏమంటారోనని సోమవారం జిమ్‌లో ఫ్రీ ట్రయల్ క్లాసుకెళ్ళాను. ఇరవై నిమిషాలే. కాకపోతే అంతకుముందు నా వ్యాయామమంతా రైలు అందుకోవడమే. పుల్-అప్స్‌లో మిగతావాళ్ళు ఆగినా నేను ఆగలేదు. పరీక్ష ముందు రోజు సిలబస్ మొత్తం చదివేసే అలవాటు మనది. ఒళ్ళు కూడా అలాగే పాసవుతుందనుకున్నాను.

గురువారం యూరిన్ డికాక్షన్ రంగులో వచ్చింది. నీళ్ళు తక్కువ తాగానేమో అనుకున్నాను. అంతకు మించి అనుకోవడానికి ధైర్యం చాల్లేదు.

మెడికల్‌లో డాక్టరమ్మ ఇబ్బందులేమైనా ఉన్నాయా అనడిగితే లేవన్నాను. చొక్కా విప్పడానికి మాత్రం కాస్త ఎక్కువ సేపే పట్టింది. ఈలోగా నా యూరిన్ టెస్టులో బ్లడ్ పాజిటివ్ వచ్చింది. ఆవిడ పెన్ను కింద పెట్టింది.

"వీసా సంగతి తర్వాత. ఈ వారం ఏం చేశావో నిజం చెప్పు."

చెప్పాను. అట్నుంచటే హాస్పిటల్‌కి పంపింది.

అక్కడ సీకే అని ఒక బ్లడ్ టెస్ట్ చేశారు. దెబ్బతిన్న కండరాల్లోంచి రక్తంలోకి వచ్చే ఎంజైమ్ అది. వందల్లో ఉండాల్సింది, నాది అరవై వేలు దాటింది. జబ్బు పేరు రాబ్డోమయోలిసిస్ అట. పలకడానికే వార్మప్ కావాలి. ఎంజైమ్ గుర్తు మాత్రమేననీ, కండరాల్లోంచి దాంతోపాటు వచ్చే ఒక ప్రోటీన్ కిడ్నీలను పాడుచేస్తుందనీ చెప్పి సెలైన్ పెట్టారు. మర్నాటికి సీకే తగ్గింది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మాత్రం పెరిగింది. "రేపు కూడా ఇలాగే ఉంటే డయాలసిస్ గురించి మాట్లాడుకుందాం" అన్నాడు వార్డు డాక్టర్. నా భార్య మాధవి ఆ పూటంతా నా చెయ్యి గట్టిగా పట్టుకునే కూర్చుంది. నొప్పిగా ఉందని చెప్పబుద్ధి కాలేదు.

మూడో రోజు క్రియాటినిన్ దిగడం మొదలైంది. ఐదో రోజు ఇంటికొచ్చాను. కిడ్నీ రిపోర్టులు మామూలు కావడానికి ఆరు వారాలు పట్టింది. మెడికల్ మళ్ళీ చేయించుకున్నాను, మరుసటి ఏడు రెసిడెన్సీ వచ్చింది. ఇప్పుడు నదిగట్టు మీద నడుస్తున్నాను. ముసలివాళ్ళు నన్ను దాటి వెళ్తుంటారు. అభ్యంతరం లేదు.

చెప్పదల్చింది ఒక్కటే. అలవాటు లేని వ్యాయామం చేశాక చేతులు ముడవలేకపోయినా, యూరిన్ ముదురు రంగుకి మారినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఏం చేశారో దాచకండి.

ఇది రాసి మాధవికి ఇచ్చాను. చదివింది.

"డాక్టర్ దగ్గర దాచారని రాశారు. మూడు రోజులు నా దగ్గర దాచిన సంగతి రాయలేదేం?"