తెల్లదోమకు పొగ

ముందే ఒప్పుకుంటున్నాను. మా ఓపెన్‌కాస్టు గనిలో కాస్త బొగ్గు కోసం గుట్టంత మట్టి తవ్విపోస్తారు. నా కథలూ అంతే. ఏది మట్టో, ఏది బొగ్గో చివర్లో నేనే చెబుతాను, అందాకా ఓపిక పట్టండి. ఆ రోజుల్లో నేను బోటనీతో డిగ్రీ పాసై (పాసు మార్కు కంటే ఒక్కటి కూడా ఎక్కువ తెచ్చుకుని యూనివర్సిటీని ఇబ్బంది పెట్టలేదు) సెంటినరీ కాలనీలో ఎవరింట్లో చాయ్ పెడితే ఆ ఇంట్లో కూర్చునేవాణ్ణి. ఎవరి కుండీలో ఆకు పండుబారినా నన్నే పిలిచేవారు. నోరు తిరగని లాటిన్ పేరొకటి చెప్పి, బిస్కెట్లు ఖాళీ చేసి వచ్చేవాణ్ణి.

మా కాక ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగి ఎక్కి, రిటైరై, కమాన్‌పూర్ దగ్గరున్న అరెకరంలో మిరప పెట్టాడు. చెట్లు ఎంత ఏపుగా వచ్చాయంటే, డ్రైవర్లు వాటి నీడలో లారీలు ఆపుకుని నిద్రపోయేవారు. చిన్నమ్మ మాత్రం తొలిరోజే తేల్చి చెప్పింది. "ముప్పై ఏండ్లు భూమి కిందనే ఉన్నవ్. భూమి మీద ఏం పండుతదో నీకేమెరుక? ఈ ఒక్క పంట సూస్త. ఇది పోయిందనుకో, చేను మా తమ్మునికి కౌలుకిచ్చి ఇంట్ల కూసోవాలె." బామ్మర్ది పేరెత్తితే కాకకు జ్వరమొచ్చేది (నూటారు డిగ్రీలు, నేనే చూశాను).

పూత రాకముందే ఓ మూలన పదిహేను మొక్కల ఆకులు దొన్నెల్లా పైకి ముడుచుకున్నాయి. చెట్లు గిడసబారాయి. ఎరువుల దుకాణమతను "వైరస్ కాక, తెల్లదోమ తెస్తది" అన్నాడట. ఆ ముక్క పట్టుకుని కాక నా దగ్గరికి ఉరికొచ్చాడు.

"అరేయ్, నువ్వు సదువుకున్నోనివి. దోమట! చెట్లకు మలేరియా వస్తదారా?"

తెలియదని చెప్పే అలవాటు నాకప్పటికింకా కాలేదు. "మనిషికొచ్చినప్పుడు చెట్టుకెందుకు రాదు కాక?" అన్నాను. కాక ముఖం వెలిగింది. "మన కాలనీల దోమలకు పొగ గొడ్తరు గదా. గట్లనే కొడ్దాం!" పెద్దవాడి మాట కాదనలేకపోయాను.

ఆ సాయంత్రమే రోగమున్న మూలలో వేపాకు, పిడకలు, పాత టైరు ముక్కలు, అరవై దోమల చుట్టలు వెలిగించాం. ఆ పొగ చూసి బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు తమ చిమ్నీ వంక చిన్నబోయి చూసుకున్నారు. ఆకుల కింద నుంచి తెల్లటి, నలుసంత పురుగులు సున్నం దుమ్ములా లేచి, గాలివాటున చేను నడిమికి పోయాయి. "ఎట్ల ఉరుకుతున్నయో సూడు!" అని కాక చప్పట్లు కొట్టాడు. ఎటు ఉరుకుతున్నాయో మాత్రం ఇద్దరం చూడలేదు.

మూడు వారాలకు మూలనున్న ముడత చేను మధ్యకొచ్చింది. వ్యవసాయ శాఖ మేడం వచ్చి ఆకు తిప్పి చూసింది, బూడిద కుప్ప చూసింది, తర్వాత మమ్మల్ని చూసింది.

"తెల్లదోమంటే దోమ గాదు కాకా. ఆకు రసం పీల్చే పురుగు. రోగమున్న చెట్టు మీద రసం తాగి, మంచి చెట్టు మీద వాలితే దానికీ వైరస్ అంటుతది. మీరు పొగవెట్టి దాన్ని బస్సెక్కించి తోలిన్రు."

"మరి మందు?"

"పురుగుకున్నది, వైరస్‌కు లేదు. రోగమొచ్చిన చెట్టు ఇగ కోలుకోదు. పీకి బొందవెట్టుడే."

కాక ముడుచుకున్న ఆకును చాలాసేపు వేళ్లతో సాపు చేస్తూ నిలబడ్డాడు. అది సాపు కాలేదు. "అంటే మెడికల్ అన్‌ఫిట్ అన్నట్టు" అన్నాడు మెల్లగా. (బాయిలో ఒళ్లు చెడి అన్‌ఫిట్ అయితే ఆ నౌకరి కొడుక్కిస్తారు, మా దగ్గర ఉయ్యాల్లో పిల్లకైనా ఇది తెలుసు.) "మరి కొడుక్కు నౌకరియ్యాలె గదా, మేడం?"

మేడం నవ్వాపుకుంది. "మక్కకియ్యండి కాకా. చేను సుట్టూ రెండు సాళ్లు మక్కజొన్న ఎయ్యండి, పురుగు లోపటికి రాకుంట అడ్డముంటది."

"ఓహో, సెక్యూరిటీ పోస్టు!"

చెట్లు పీకుతుండగా చిన్నమ్మ వచ్చింది. "పొగవెట్టుడు ఎవని తెలివి?"

"నాదే. వాడు వద్దన్నా నేను ఇనలే" అన్నాడు కాక, తలెత్తకుండా.

సగం చేను పోయింది. మిగిలిన సగం కాసింది. చిన్నమ్మ తొలి పండుకాయ కొరికి, కళ్లనీళ్లు తుడుచుకుని, "సరే, ఇంకో పంట సూస్త" అంది. బామ్మర్దికి కౌలు దక్కలేదు.

ఇక మాట ప్రకారం మట్టి వేరు చేస్తాను. లారీల నీడ మట్టి. నూటారు డిగ్రీలు మట్టి. దోమల చుట్టలు అరవై కాదు, ఆరు. ఇంకొకటుంది. పొగ పెట్టాలన్న ఆలోచన కాకది కాదు, నాది. ఆయన అప్పుడే "వద్దేమోరా" అన్నాడు కూడా. ఆ తర్వాత కాలనీ అంతా ఆయన్ని "పొగ కాక" అని పిలిచింది. చివరిదాకా ఆ పేరుకే పలికాడు. సిగ్గులేకుండా నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆయన మాత్రం ప్రతిసారీ చాయ్ గ్లాసు నా వైపు జరిపి, "ఏందిరా బోటనీ?" అని నవ్వేవాడు.