పొగ కొలిచే పెట్టె

తెలంగాణ ఉద్యమం రోజుల్లో హైదరాబాద్‌లో, యూనివర్సిటీ హాస్టల్లో ఉండి ఎం.టెక్. చదివేదాన్ని. మాది భీమవరం. ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో కొలిమి ఖాళీగా మండే సమయం తగ్గిస్తే పొగ ఎంత తగ్గుతుందో తేల్చడం నా ప్రాజెక్టు. యాస బయటపడుతుందని మెస్‌లో కూడా వేలితో చూపించే పెట్టించుకునేదాన్ని.

ఎవరితోనూ మాట్లాడను కనుక ఒకరోజు బంద్ అని కూడా తెలియక పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్లాను. గేటు మూసి ఉంది. తిరిగి రావడానికి బస్సుల్లేవు. పొగ కొలిచే పెట్టె మోసుకుంటూ నడిచి వస్తుంటే తార్నాక చౌరస్తాలో నినాదాలిస్తున్న విద్యార్థులు చుట్టుముట్టారు. పెట్టెలోంచి గొట్టం, ఇనుప కడ్డీ బయటికి కనిపిస్తున్నాయి.

"ఏందది?" అన్నాడొకడు.

"కొలిమి పొగ కొలిచేదండీ," అనేశాను. ఆ 'అండీ'కి అందరూ నావైపు తిరిగారు. పెట్టెను దగ్గరికి లాక్కున్నాను.

అతను పెట్టె మీద చెయ్యేశాడు. "మా నాయన గసొంటి కొలిమి కాడనే పనిజేస్తడు. ఇంటికొస్తే ఒకటే దగ్గు. జల్ది తగ్గించక్కా," అని దారిచ్చాడు.

నినాదాలు క్యాంపస్ వైపు సాగిపోయాయి. నేను గదికొచ్చి తలుపేసుకున్నాను. ఆ నెలంతా నన్ను వరస కలిపి పిలిచింది అతనొక్కడే. అతని పేరైనా నేను అడగలేదు. మళ్లీ నోరు విప్పాలంటే భయమేసింది.