సారమ్మ కంటి భయం

ధరూర్ చుట్టుపక్కల విత్తన పత్తి చేలల్లో సారమ్మ చేతికి పేరుంది. పావడా కట్టే వయసులో చేలోకి దిగింది, ఇప్పుడు నలభై మూడు. మధ్యాహ్నం దాటాక, మర్నాడు విచ్చబోయే మొగ్గను ఒలిచి, నడిమి కాడకు దెబ్బ తగలకుండా చుట్టూ ఉన్న మగకేసరాలను గోటితో గీరేయాలి. తెల్లారి వేరే జాతి పువ్వు పుప్పొడిని దానికి అద్దాలి. కేసరాలు మిగిలిపోతే విత్తనం కల్తీ. కల్తీ తేలితే చేనంతా చేసిన కష్టం గంగలో కలిసినట్టే. అందుకే ఈ పనికి పిలిచేవాళ్ళు ముందు కళ్ళు చూసుకుని పిలుస్తారు.

ఆ కళ్ళే ఈ వానాకాలం సారమ్మకు ద్రోహం చేశాయి. మొగ్గను దగ్గరికి తెచ్చుకుంటే అంతా మసక. చెయ్యి చాపి దూరం పెడితే కాస్త నయం. చెయ్యి మాత్రం ఎంతని సాగుతుంది? గోటితో తడుముతూ పని గడుపుకొచ్చింది, ఎవరికీ చెప్పలేదు. ఆమె తల్లి ఎస్తేరమ్మకు సరిగ్గా ఈ వయసులో ఇలాగే మొదలైంది మరి. ముందు సూదిలో దారం ఎక్కలేదు, తర్వాత బియ్యంలో రాళ్ళు కనపడలేదు. ఎవరో చెబితే కళ్ళలో పసరు పోయించారు. ఆ పసరు పోసే పెద్దమనిషి ముక్కు మీద మాత్రం నిక్షేపంలాంటి కళ్ళద్దాలుండేవి! ఏడాది తిరక్కుండానే ఎస్తేరమ్మకు పట్టపగలు చీకటైంది.

సారమ్మ రోజూ లేవగానే ఒక కన్ను మూసి, మరో కన్ను మూసి పైకప్పు రేకులు చూసుకునేది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుని గోడ పట్టుకుని పొయ్యి దాకా నడిచేది, రేపు ఎలాగూ తప్పదని. ఒకసారి, తల్లి బయట కూర్చుందనుకుని అలా నడుస్తూ, ఆమెకే తగిలింది. "ఎవలూ?" అంటూ ఎస్తేరమ్మ గాలిలో చేతులు చాపింది. సారమ్మ ఆ చేతులకు అందకుండా పక్కకు జరిగింది.

చివరికి చేను గల నాగేంద్రమ్మ కనిపెట్టేసింది. "ఏంది సారమ్మ, మొగ్గలల్ల కేసరాల పొడి గట్లనే ఉంచినవ్? నీ సాలు మళ్ళ నేను చూస్కోవాలెనా?" అని అందరిముందూ అడిగింది. ఆ సాయంత్రం తల్లి ఒళ్ళో తలపెట్టి సారమ్మ అంతా చెప్పేసింది.

ఎస్తేరమ్మ కూతురిని గబుక్కున లేపి కూర్చోబెట్టింది. "నేను ఆలిసెం జేసిన బిడ్డ. జల్ది పోయుంటే నా కండ్లు నిలుస్తుండె. నువ్వు రేపే పోయి పసరు పోయించుకో."

మర్నాడు పొద్దున్నే సారమ్మ పసరు కోసం బయల్దేరింది. ఆటో ఆగేచోట, బడిలో కంటి శిబిరం జరుగుతోంది. ఒక మాట అడిగితే పోయేదేముందని కాళ్ళీడ్చుకుంటూ లోపలికి వెళ్ళింది. కళ్ళు కొలిచే మధు గోడ మీది గుర్తులు ఏ వైపు తిరిగాయో చూపమన్నాడు. అన్నీ చూపింది.

"దూరం చూపు మంచిగుందక్క."

"దగ్గరిదే సారూ..." అంటూ అరచెయ్యి కంటి దగ్గరికి తెచ్చి చూపింది.

చేతికి చిన్న అట్ట ఇచ్చాడు. మసక. అద్దాలు పెట్టాడు. అట్ట మీది గుర్తులే కాదు, అరచేతి గీతలూ తేటగా కనపడ్డాయి.

"ఇది రోగం గాదక్క. బడి పిల్లలకేమో దూరం ఆనదు, నలభై దాటినోళ్ళకు దగ్గర ఆనదు, అరవైలల్ల శుక్లాలొస్తయి. నీది వయసుతోని వచ్చిన నంబర్, గంతే."

"మా అమ్మకు గూడ గిట్లనే షురువైంది సారూ. పసరు పోశిన్రు."

మధు రాస్తున్నవాడల్లా ఆగాడు. "ఇప్పుడు కనపడ్తదా?"

"లేదు."

"ఒకసారి దవాఖానకు తీస్కరా, చూద్దాం," అన్నాడు, ఆమె మొహం చూడకుండా. సారమ్మ కొత్త అద్దాలు పెట్టుకుని బయటికొచ్చింది గానీ సంతోషం రాలేదు. అప్పుడు అమ్మకూ ఈ అద్దాలే చాలి ఉండేవి కదా అనుకుంటూ ఇంటిదారి పట్టింది.

ఎస్తేరమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకే గుర్తుపట్టి లేచింది. "ఏమన్నరు బిడ్డ? నా రోగమే నీకొచ్చిందా?"

తల్లి కళ్ళను సారమ్మ అంత దగ్గరగా, అంత పరీక్షగా ఎన్నడూ చూడలేదు. నల్లగుడ్లు కనపడకుండా తెల్లటి మచ్చలు పేరుకుపోయి ఉన్నాయి.

"లేదమ్మ," అంది. "నీది వేరే."

"దేవునికి స్తోత్రం," అని ఎస్తేరమ్మ తేలిగ్గా ఊపిరి వదిలి, తడుముకుంటూ కూతురి తల నిమిరింది.